పెళ్ళి ఎవరిదైనా ఆకు మనదే

చెంచురామయ్యకు శుభలేఖ అంటే దేవుడు పంపిన ఆర్డరు.

భద్రాచలం నుంచి చర్ల పోయే రోడ్డు మీద ఆయనకు మోదుగాకు విస్తళ్ళ కంపెనీ ఉంది. అడవి గూడేల ఆడవాళ్ళు ఆకు కోసి, పుల్లలతో కుట్టి తెచ్చి ఇస్తే, కంపెనీలోని ప్రెస్సులు దాన్ని వేడి అచ్చుల మధ్య నొక్కి, అంచులు గుండ్రంగా కత్తిరించి పళ్ళెంలా దించుతాయి. గేటు మీద నీలం రంగుతో 'పెళ్ళి ఎవరిదైనా ఆకు మనదే' అని రాసి ఉంటుంది. ఆ మాట రాయించిన నాడు చెంచురామయ్య మీసం నల్లగా ఉండేది. ఇప్పుడు గేటు రంగూ వెలిసింది, మీసమూ వెలిసింది. నమ్మకం మాత్రం చెక్కు చెదరలేదు.

ఆ నమ్మకం ఇదీ: ఎవరైనా తనను పెళ్ళికి పిలిచారంటే ఆకు కావాలని అడిగినట్టే. ఆకులమ్మేవాణ్ణి ఇంకెందుకు పిలుస్తారు? గేటు పక్కన చెక్కబల్ల మీద కూర్చుని, వచ్చిన పెళ్ళివారి చేతిలోంచి కార్డు అందుకుని, "ఎన్ని రకాలు వడ్డిస్తున్నారు?" అని అడుగుతాడు. రకాలను బట్టి ఆకు సైజు. పప్పు, పచ్చడి, సాంబారుతో సరిపెట్టే వాళ్ళకు చిన్నాకు. నాలుగు వేపుళ్ళు, మూడు స్వీట్లు పెట్టి సగం పారబోయించే గొప్పవాళ్ళకు పెద్దాకు. పెళ్ళినాడు తనే ట్రాలీ ఆటోలో కట్టలేసుకుని వెళ్ళి, పెరటి వైపున వంటవాళ్ళ దగ్గర దింపి, "ఇంకో పెళ్ళుందమ్మా" అంటూ బండెక్కేస్తాడు. చర్ల నుంచి ఎర్రుపాలెం దాకా ఆయన ఆకు చూడని పెళ్ళి లేదు. ఆయన చూసిన పెళ్ళి మాత్రం ఒక్కటీ లేదు.

ఇలా సాఫీగా పోతున్న బండిలోకి మేనల్లుడు ఉదయ్ భాస్కర్ వచ్చి ఎక్కాడు. హైదరాబాదులో చదివొచ్చినవాడు. చేతులు కట్టుకుని కూర్చోలేడు. ప్రెస్సులు, గేటు, హాజరు వేసే వేలిముద్రల మిషను, భోజనాల సైరను, చివరికి బోరు మోటారు కూడా తెచ్చి ఒకే కంప్యూటర్‌కి కట్టేశాడు. "ఒక్క బటన్‌తో కంపెనీ మొత్తం మన చేతిలో ఉంటుంది మామయ్యా" అన్నాడు. ఆ ఒక్క బటన్ ఇంకెవరి చేతిలోనైనా పడితే ఏమిటని అప్పుడు ఎవరూ అడగలేదు. ఆర్డర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడానికి బోనకల్ నుంచి పద్మప్రియ అనే అమ్మాయిని పెట్టాడు. కాగితం కార్డులు పాతబడి, శుభలేఖలు మెయిల్లో రావడం మొదలైంది.

మెయిల్లో వచ్చే కార్డుకు నాలుగు మూలలా పసుపు ఉండదు కదా. పసుపు లేని కార్డు తెరవడానికి చెంచురామయ్యకు చేతులు రావు. అందుకని మెయిల్ వచ్చినప్పుడల్లా చిటికెడు పసుపు తెచ్చి మానిటర్ నాలుగు మూలలకూ రాసి, దండం పెట్టి, అప్పుడు తెరిచేవాడు. పద్మప్రియ వారానికోసారి గుడ్డ పెట్టి తుడిచి తుడిచి విసిగిపోయి, మానిటర్‌ను పచ్చగానే వదిలేసింది.

వైశాఖం. ముహూర్తాల మీద ముహూర్తాలు. ప్రెస్సులు తెల్లారి మొదలై చీకటి పడేదాకా ఆడుతున్నాయి. అలాంటి ఒక ఉదయం, పద్మప్రియ ఇంకా రాకముందే, 'మా ఇంటి పెళ్ళికి మీరు తప్పక రావాలి' అంటూ ఒక మెయిల్ వచ్చింది. వరుడి పేరు ఎప్పుడూ విననిది, వధువు పేరు అంతకన్నా విననిది. అయితే ఏం, పెళ్ళి ఎవరిదైనా ఆకు మనదే. చెంచురామయ్య పసుపు రాశాడు, దండం పెట్టాడు, తెరిచాడు. వినాయకుడి బొమ్మ, అరటిచెట్లు, సన్నాయి అన్నీ ఉన్నాయి. అడుగున 'వంటకాల జాబితా కోసం ఇక్కడ నొక్కండి' అని ఉంది.

ఆహా, ఎంత పద్ధతైన పెళ్ళివారు! అడగకముందే ఎన్ని రకాలో చెబుతున్నారు. ఆకు సైజు తెలిసిపోతుందని చెంచురామయ్య మురిసిపోయి నొక్కాడు.

సన్నాయి ఆగింది. వినాయకుడు మాయమయ్యాడు. తెర ఎర్రబడి అక్షరాలు వచ్చాయి. 'గౌరవనీయ బాధితులకు నమస్కారం. మీ ఫైళ్ళు అన్నియు మా చేత తాళం వేయబడినవి. తాళం తెరుచుటకు సొమ్ము చెల్లించవలెను. దయచేసి భయపడండి.'

చెంచురామయ్య భయపడలేదు. పెళ్ళివారి దగ్గర ఇంత మర్యాద చూసి చాలా రోజులైందని అనుకున్నాడు.

అంతలో భోజనాల సైరన్ మోగింది. పొద్దున్నే పనిలోకి వచ్చిన వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని, సైరన్ మోగాక ఆలోచించేదేముందని టిఫిన్ క్యారియర్లు విప్పారు. గేటు దానంతటదే మూసుకుంది. బయట పద్మప్రియ వేలు పెడితే మిషను 'మీరెవరు?' అంది. బోరు మోటారు ఆగనని కూర్చుంది, నీళ్ళు ట్యాంకు పొర్లి ఎండబెట్టిన ఆకు మీదికి పారాయి. ప్రెస్సులు నోళ్ళు తెరుచుకుని అలాగే ఉండిపోయాయి.

పద్మప్రియ గోడ దూకి వచ్చి తెర చూసింది.

"సార్, మీరేం నొక్కిండ్రు?"

"మెనూ."

"ఏం మెనూ?"

"పెళ్ళి మెనూ అమ్మాయ్. ఎన్ని రకాలో చూద్దామని."

"అయ్యో సార్! అది పెండ్లి కాదు, వైరస్! మొత్తం లాక్ అయిపోయింది. ఎవరికి ఎన్ని ఆకులో, ఏ తారీఖుకో, ఒక్కటి తెరుచుకుంటలేదు!"

ఉదయ్ భాస్కర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూనే పరుగెత్తుకొచ్చాడు. ముందు కంప్యూటర్ చుట్టూ కనిపించిన తీగలన్నీ పీకేశాడు. తర్వాత ఛాతీ విరుచుకుని, "ఏం భయం లేదు, బ్యాకప్ ఉంది" అన్నాడు.

"ఏడున్నది సార్?" అంది పద్మప్రియ.

ఉదయ్ భాస్కర్ ఛాతీ నెమ్మదిగా కిందికి దిగింది. "ఇందులోనే. పక్క ఫోల్డర్‌లో" అన్నాడు.

దొంగల భయానికి బీరువా తాళంచెవి బీరువాలోనే దాచుకున్నట్టుంది అతని తెలివి. పాపం, చదువుకున్నవాడు, ఏమీ అనలేం.

కంపెనీ వెనకే ఇల్లు. సైరన్ రెండోసారి మోగి, పనివాళ్ళు రెండోసారి క్యారియర్లు విప్పుతుండగా చెంచురామయ్య భార్య నిర్మలాదేవి వచ్చింది. జరిగింది విని, మానిటర్ మూలలకున్న పసుపు చూసి, మొగుడి వేలికున్న పసుపు చూసి, ఇంకేమీ అడగలేదు. కంపెనీలో సగం ఆమె పుట్టింటివారిదే. మాట మొత్తం ఆమెది.

"పోయినేడాది ఫోన్లో ఎవడో లాటరీ అంటే నొక్కారు. మొన్న కరెంటు బిల్లంటే నొక్కారు. ఇప్పుడు మెనూ. మీకు వయసైపోయిందండీ" అంది. "సరే, ఈ ముహూర్తాలు దాటేలోగా మనల్ని నమ్మి ఆకు చెప్పిన ప్రతి పెళ్ళికీ ఆకు చేరాలి. ఒక్క పెళ్ళి తప్పిందా, ఆ తాళాలు ఉదయ్‌కి ఇచ్చేసి ఇంట్లో కూర్చోండి. నాలుగు బస్తాల చింతపండుంది, పిక్కలు తీద్దురు గాని."

చెంచురామయ్య చెయ్యి మొలతాడుకు వేలాడే తాళాల గుత్తి మీదికి పోయింది. ఆయనకు నిజంగా భయమేసింది. ఎర్ర అక్షరాలకు వెయ్యని భయం చింతపండుకు వేసింది. గేటు పక్క చెక్కబల్ల, ఆకు మోసుకొచ్చే ఆడవాళ్ళతో గీచులాట, పెళ్ళివారి పలకరింపులు, అవి లేకపోతే తను ఏం మనిషి? బల్ల మీద లేని చెంచురామయ్యను ఆయన ఊహించుకోలేకపోయాడు.

అసలు సంగతి ఇంకొకటుంది. అది ఆయన పెళ్ళానికి చెప్పలేదు. గుర్తున్న ఆర్డర్లు చెప్పమని పద్మప్రియ అడిగితే గడగడా చెప్పాడు. చెప్పడం అయిపోయాక కూడా లోపల ఏదో మిగిలినట్టు కెలికింది. ఇంకో పెళ్ళి ఉంది. ఎవరో బల్ల దగ్గర నిలబడి పిలిచారు. తను "తప్పకుండా" అన్నాడు. పద్మప్రియకు చెప్పి కంప్యూటర్లో రాయించాడు కూడా. ఎవరు వాళ్ళు? ఎంత తల గోక్కున్నా మొహం రాలేదు. "ఇంకొకరికి మాటిచ్చాను" అంటే "మరి ఎవరికో చెప్పండి" అంటుంది నిర్మలాదేవి. చెప్పలేకపోతే వయసైపోయిందని ఒప్పుకున్నట్టే. నోరు మూసుకున్నాడు.

సైబర్ పోలీసులకు ఫోన్ చేశారు. వాళ్ళు ఫిర్యాదు రాసుకుని, డబ్బు కట్టొద్దు, ఏదీ చెరపొద్దు అన్నారు. ఖమ్మం నుంచి వచ్చిన ఇద్దరు మెకానిక్కులు కంప్యూటర్‌ను విప్పి పరుచుకుని కూర్చున్నారు. ప్రెస్సులను చేత్తో లాగే పాత పిడితో నడపొచ్చని తేలింది, కానీ అచ్చు ఎంత వేడెక్కిందో చెప్పే లెక్క కంప్యూటర్లో ఉండిపోయింది. నిర్మలాదేవి కొంగు బిగించి, దోశ పెనం మీద చల్లినట్టు అచ్చు మీద నీళ్ళు చల్లి, చుయ్‌మన్న తీరును బట్టి "ఊఁ, నొక్కండి" అనడం మొదలుపెట్టింది. మొదటి కట్ట మాడి బొగ్గయింది. రెండో కట్ట ఉడికి అప్పడాల పిండిలా వేలాడింది. మూడోది ఆకులా ఉంది. సైరన్ మాత్రం తనకు బుద్ధి పుట్టినప్పుడల్లా మోగుతూనే ఉంది. మెకానిక్కులు దాని తీగ కనిపెట్టేలోగా పనివాళ్ళు ఒక్కొక్కరు కాస్త ఒళ్ళు చేశారు.

ఆకు తయారవుతోంది. కానీ చెంచురామయ్యకు గుర్తున్నవి కొన్నే, మెయిల్లో చెప్పినవాళ్ళందరికీ ఎలా పంపాలి? ట్రాలీ ఆటో నడిపే పగిడయ్య ఒక ఉపాయం చెప్పాడు.

"ఎన్నికలప్పుడు మైకు కట్టి తిరుగుతం గద సేటూ. గిప్పుడు గట్లనే తిరుగుదాం. పెండ్లిళ్ళున్నోళ్ళే మొత్తుకుంటొస్తరు."

సరేనన్నారు. పగిడయ్య ఆటోకు మైకు కట్టి, ఊరూరా తిరిగి అరిచాడు. "పెండ్లి పెట్టుకున్నోళ్ళందరికీ మనవి! మా కంపెనీ కంప్యూటర్‌కు దొంగలు తాళమేసిండ్రు! మీరు ఇస్తరాకులు చెప్పిండ్రో లేదో మాకు ఎరుక లేదు! చెప్పినోళ్ళు జల్దీ మళ్ళ చెప్పాలె!"

ఆర్డరు ఇచ్చిందెవరో కంపెనీకి తెలియదని మైకులో చెప్పుకున్నాక జనం ఊరుకుంటారా? ఇచ్చినవాళ్ళు వచ్చారు, ఇవ్వనివాళ్ళు వాళ్ళకన్నా ముందొచ్చారు. పెళ్ళి పోయినేడే అయిపోయిన ఇంటివారు వచ్చారు. పిల్ల ఇంకా బడికి పోతోందని నిర్మలాదేవి కనిపెట్టి తరిమిన ఒకాయన, కనీసం పుట్టినరోజుకైనా ఇవ్వమని బేరం పెట్టాడు. మధిర వైపు నుంచి వచ్చిన ఒక జంట అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెంచురామయ్యను పక్కకు పిలిచారు.

"మా ఇళ్ళల్లో ఇంకా ఒప్పుకోలేదండీ. ఆకులకు ఆర్డరు కూడా ఇచ్చేశామంటే ఇంక కాదనలేరు. మా పేర్లు రాసెయ్యండి" అన్నాడు అబ్బాయి.

"ఎన్ని రకాలు వడ్డిస్తారు?" అన్నాడు చెంచురామయ్య.

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. "మీరే చెప్పండి బాబాయ్" అంది అమ్మాయి. చెంచురామయ్య పెద్దాకు రాయించాడు. ఆయన మనసు అలాంటిది.

చివరికి నిర్మలాదేవి ఒక నిబంధన పెట్టింది. పెళ్ళి పందిరి వేసి ఉన్న ఇంటికే ఆకు. పగిడయ్య ఊరూరా తిరిగి పందిరి గుంజలు పట్టి ఊపి చూసి వచ్చాడు. ఊపితే పడిపోయినవి కొన్ని ఉన్నాయి. ఆకు కోసం అప్పటికప్పుడు నిలబెట్టినవన్నమాట.

ఈలోగా దొంగలకు ఓపిక నశించింది. తమతో మాట్లాడమని మెయిల్లోనే ఒక దారి పంపారు. మాట్లాడితే తప్పు లేదు, కట్టొద్దంతే అన్నారు పోలీసులు. ఉదయ్ భాస్కర్ తన పాత ల్యాప్‌టాప్ తెచ్చాడు. పద్మప్రియ టైపు చేస్తానంది. ఏం రాయాలో చెప్పే హక్కు మాత్రం చెంచురామయ్య వదల్లేదు. పిలుపు తనకొచ్చింది మరి.

"ముందు పెళ్ళయిందా లేదా అడుగు."

"సార్!"

"అడుగమ్మా. పిలిచి, ముహూర్తం సంగతే చెప్పకపోతే ఎలా?"

పద్మప్రియ పళ్ళు నూరుకుంటూ రాసింది. అవతల నుంచి 'పెళ్ళి లేదు. మేము నేరస్థులము. సొమ్ము చెల్లించండి' అని వచ్చింది.

"తాళం నిజంగా వాళ్ళ దగ్గరుందని నమ్మకమేంటి? సరుకు చూపించమను. ఆకు కట్ట కొనేవాడు పైది, నడిమిది, అడుగుది మూడూ లాగి చూస్తాడు. మూడు ఫైళ్ళు తెరిచి పంపమను" అన్నాడు చెంచురామయ్య.

దొంగలు ఒకటే పంపుతామన్నారు. చెంచురామయ్య కుదరదన్నాడు. ఒక్కాకు చూసి కట్ట కొనేవాడు వ్యాపారం చెయ్యలేడని, వాళ్ళ నాన్నగారు వ్యాపారస్థులైతే అడిగి తెలుసుకోమని రాయించాడు. బేరం పొద్దున మొదలై పొద్దు వాలేదాకా సాగింది. మధ్యలో దొంగలు 'మీరు చాలా కష్టమైన బాధితులు' అన్నారు. చెంచురామయ్య ఆ మాటకు పొంగిపోయాడు. ఆఖరికి వాళ్ళే దిగొచ్చి మూడూ తెరిచి పంపారు.

అందరూ మీదపడి చూశారు. మొదటిది, కొత్త ప్రెస్సుకు కొబ్బరికాయ కొడుతూ చెంచురామయ్య కళ్ళు మూసుకున్న ఫొటో. రెండోది, అదే ఫొటో, కళ్ళు తెరిచి. మూడో ఫైలు తెరుచుకుంటుండగా సన్నాయి వినిపించింది. వినాయకుడు, అరటిచెట్లు.

"అరె, మన పెళ్ళి!" అంటూ చెంచురామయ్య సంబరంగా వేలు చాపాడు. వేలికి పసుపు ఎప్పుడు అంటించుకున్నాడో ఎవరికీ తెలియదు.

పద్మప్రియ కెవ్వుమంది. ఉదయ్ భాస్కర్ మామయ్య చెయ్యి పట్టుకున్నాడు. నిర్మలాదేవి ల్యాప్‌టాప్‌ను దభీమని మూసింది. చెంచురామయ్య వేలు అందులో ఇరుక్కుంది. వేలు బయటికి తీశాక, చల్లటి నీళ్ళలో పెట్టుకుని, ఆయన దొంగలకు ఆఖరి మాట చెప్పి రాయించాడు. తనకు తెలిసిన శాపాల్లో అంతకన్నా పెద్దది లేదు. 'మీ ఇంట ఏ శుభకార్యం జరిగినా మా ఆకు మీకు రాదు.'

వాళ్ళు మళ్ళీ రాయలేదు.

పోలీసులు సరేనన్నాక మెకానిక్కులు కంప్యూటర్‌ను శుభ్రంగా తుడిచి మళ్ళీ నిలబెట్టారు. పాత ఫైళ్ళు పోయినవి పోయాయి. ఇప్పుడు ప్రెస్సులకు వేరే తీగ, గేటుకు వేరే తీగ, సైరన్‌కు బదులు అసలు తీగే లేని ఒక ఇనప గంట. బ్యాకప్ ఇప్పుడు విడిగా ఒక డబ్బాలో ఎక్కి, రోజూ సాయంత్రం నిర్మలాదేవి బియ్యం డ్రమ్ములోకి పోతుంది. ఉదయ్ భాస్కర్ ఆ డ్రమ్ము దగ్గరికి వెళ్ళి చూసి రావడం అలవాటు చేసుకున్నాడు. పందిళ్ళన్నిటికీ ఆకు చేరింది. ఇళ్ళల్లో ఒప్పుకోని ఆ జంటకు కూడా చేరింది. రెండిళ్ళవాళ్ళూ ఆకు కట్టలు చూసి, ఇంతదాకా వచ్చాక ఏం చేస్తామని ఒప్పుకున్నారట.

ఇంక ఆఖరి ముహూర్తం ఒక్కటే మిగిలింది. నిర్మలాదేవి చింతపండు బస్తాలను వెనక్కి నెట్టింది కూడా. చెంచురామయ్యకు మాత్రం అన్నం సయించలేదు. బల్ల దగ్గర ఎవరో నిలబడి పిలిచారు. తను "తప్పకుండా" అన్నాడు.

ఆ ఉదయం గేటు దగ్గర కూర్చుని, ఆకు తెచ్చే ఆడవాళ్ళను చూస్తూ అన్నాడు. "పగిడయ్యా, చర్ల అవతల నుంచి చిన్నక్క వాళ్ళు ఆకు తేలేదేంటి ఈ వారం?"

"ఎట్ల తెస్తరు సేటూ? చిన్నక్క బిడ్డ పెండ్లి నేడే గదా. గూడెం గూడెం అందుట్లనే ఉన్నది."

చెంచురామయ్య లేచి నిలబడ్డాడు. బల్ల దగ్గర నిలబడ్డ మొహం వచ్చేసింది. చిన్నక్క. నెత్తిన ఆకు కట్ట. కార్డు లేదు. కొంగు ముడి విప్పి పసుపు కలిపిన బియ్యం గింజలు తన చేతిలో పోసి, "బిడ్డ పెండ్లి, నువ్వు రావాలె" అంది. తను ఎప్పటిలా "ఎన్ని రకాలు?" అని అడిగితే, పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి నవ్వి వెళ్ళిపోయింది. కార్డు లేదు కాబట్టి పద్మప్రియకు నోటితో చెప్పి రాయించాడు. ఫోన్లు అందని గూడెం. మైకు ఆటో వెళ్ళని దారి.

"కొంప మునిగింది! కట్టలెయ్యి, కట్టలెయ్యి!" అని అరిచాడు. ఆ అరుపుకు నిర్మలాదేవి బయటికొచ్చింది. ఆయన దాచుకోలేదు. "ఒకటి మర్చిపోయాను, నిర్మలా. ఇప్పుడే గుర్తొచ్చింది" అన్నాడు.

ఆమె చెప్పులేసుకుని ఆటోలో ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. చెంచురామయ్య వెనక కట్టల మీద కూర్చున్నాడు. తాళాల గుత్తి గుంత వచ్చినప్పుడల్లా గల్లుమంది. ఆ రోడ్డులో గుంతలు రావడం కాదు, అప్పుడప్పుడు రోడ్డు వస్తుంది. చర్ల దాటాక పోలీసు క్యాంపు దగ్గర ఆపారు.

"ఏముంది బండిలో?"

"ఆకులు. పెళ్ళికి."

"ఎవరి పెళ్ళి?"

"చిన్నక్క కూతురిది."

"కూతురి పేరేంది?"

పేరు చెంచురామయ్యకెప్పుడూ అవసరం పడలేదు. రకాలు తెలిస్తే చాలు. సెంట్రీ కుర్రాడు ఒక కట్ట విప్పి, ఒక ఆకు పైకెత్తి, ఎండకు అడ్డం పెట్టుకుని చూసి, "మంచిగనే ఉన్నయ్" అని ఒకటి ఉంచుకుని పంపేశాడు.

గూడెం చేరేసరికి డోళ్ళు మోగుతున్నాయి. పందిరి కింద జనం బారులు తీరి కూర్చుని ఉన్నారు. అప్పటికే వడ్డన మొదలైంది. చెంచురామయ్య అలవాటు కొద్దీ బండిని పెరటి వైపు పోనిమ్మన్నాడు. ఆ ఇంటికి పెరడు లేదు, అడవే. తడబడుతూ దిగి, కట్ట ఒకటి చంకనెత్తుకుని, చెమటలు కక్కుతూ పందిట్లోకి వచ్చాడు.

అందరి ముందూ ఆకులున్నాయి. పచ్చటి మోదుగాకులు, చేత్తో కుట్టినవి, ఇంకా వాడిపోనివి.

చిన్నక్క గరిటె పట్టుకుని ఎదురొచ్చింది. "వచ్చినవా పెద్దయ్యా! గిప్పుడా వచ్చేది? గా మూట ఏంది?"

"ఆకులు చిన్నక్కా. నీ ఆర్డరు. కంప్యూటర్‌కు తాళం పడి నేను..."

"నేను నిన్ను ఆకులడిగిన్నా?" అంది చిన్నక్క. "ఊరందరికీ ఆకు కోసేటోళ్ళం, మాకు ఆకు కొదవా? నీకు మేమే ఇస్తం, నువ్వు మళ్ళ మాకే తెస్తవా! అన్నానికి రమ్మన్న. బువ్వ తినిపో అన్న."

పందిట్లో అందరూ నవ్వారు. చెంచురామయ్య చంకలో కట్టతో అలాగే నిలబడిపోయాడు. ఇన్నేళ్ళలో ఎన్ని శుభలేఖలు, ఎన్ని మెయిళ్ళు. ఒక్కరైనా తనను అన్నానికి పిలిచారేమో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. కంప్యూటర్లో ఉన్న చిన్నక్క ఆర్డరు అసలు ఆర్డరే కాదు. ఆయనకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, ఏది ముందు రానివ్వాలో తెలియక ముక్కు చీదాడు.

"పెండ్లి మాది, ఆకు మాది. కూసో" అంది చిన్నక్క, కట్ట లాక్కుని పక్కన పడేస్తూ.

కూర్చున్నాడు. పక్కన నిర్మలాదేవి కూర్చుంది, ఆమె పక్కన పగిడయ్య. ముందు ఆకు వేశారు, అన్నం పెట్టారు, పప్పు పోశారు. ఇంకేం, తినాలి కదా? చెంచురామయ్య ఆకు అంచు పట్టుకుని, అడుగున కుట్టు ఎలా ఉందో చూద్దామని పైకెత్తాడు. పప్పు జారి పంచె మీద పడింది. చిన్నక్క గరిటెతో ఆయన చేతి మీద ఒక్కటిచ్చింది.

"తిప్పి చూడకు! తిను!"

తిన్నాడు. రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. పెళ్ళికూతురు పేరు అడిగి తెలుసుకున్నాడు, జమ్లి అట, అక్షింతలు వేశాడు. "ఇంకో పెళ్ళుందమ్మా" అనలేదు. అప్పుడు నిర్మలాదేవి వైపు కాస్త భయంగా చూసి, మొలతాడు దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఆకు అడిగిన పెళ్ళేదీ తప్పలేదుగా. తాళాలు మీ దగ్గరే ఉంచుకోండి" అంది నిర్మలాదేవి, పప్పన్నం కలుపుతూ.

చెంచురామయ్య మొహం వెలిగిపోయింది.

"ఫోన్ మాత్రం ఇటివ్వండి."

పప్పు చేత్తోనే తీసి ఇచ్చాడు.